నల్ల కోడిపెట్ట ఇచ్చి తెచ్చిన తావీజు

గులాబ్‌బీ నోరు ఊరుకోదని జమ్మలమడుగులో గాజులు తొడుక్కునే ప్రతి ఆడమనిషికీ తెలుసు. చేతికి గాజులు ఎక్కించేలోపల వీధిలో సంగతులన్నీ చెప్పేది, చెప్పించుకునేది. అట్లాంటి మనిషిని పట్టుకొని ఏడాది పొడుగునా నోరు మూసుకొని కూర్చోమన్నారు. అదీ ఎక్కడ? ప్రొద్దుటూరు కాలేజీలో, పీయూసీ క్లాసులో, చివరి బెంచీ మీద.

దీనికంతా మూలం పక్కింటి మైమూన్. దర్జీ వలి బాషా కూతురు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్లకు ఆ పిల్ల ఎస్సెల్సీ పాసైంది. జమ్మలమడుగు తురకవీధిలో ఆడపిల్ల అంతవరకూ చదవడమే అబ్బురం. ఇక చాల్లే అని వలి బాషా మిషను పక్కన కూర్చోబెట్టి కాజాలు కుట్టించడం మొదలుపెట్టాడు. పిల్ల కాజాలు కుడుతూనే ఉండేది, కళ్లనీళ్లు గుడ్డ మీద పడుతూనే ఉండేవి. గోడకు ఇవతల గులాబ్‌బీకి ఆ ముక్కు చీదడం వినిపించి ప్రాణం విసిగిపోయింది.

"ఏం వలీ, ఆ పిల్లను కుట్టుపని సేయిస్తాండావా, కన్నీళ్లతో గుడ్డలుతికిస్తాండావా?" అని గోడ మీదుగా అరిచింది ఒకరోజు.

"నన్నేం చేయమంటావు ఆపా? కాలేజీ అంటే ప్రొద్దుటూరు పోవాల. ఆడపిల్లను ఒంటిగా బస్సులో పంపిస్తే వీధిలో నా మొగం మీద ఉమ్ముతారు."

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరు కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఇంకో బాధ పట్టుకుంది. ఆయనది గుంటూరు వైపు. కాలేజీ కొత్తది, గదులు కొత్తవి, ఆడపిల్లల కోసమని విడిగా వేయించిన బెంచీలు కూడా కొత్తవే. వాటి మీద కూర్చునే ఆడపిల్లలు మాత్రం ఇద్దరు ముగ్గురికి మించి లేరు, వాళ్లూ ఆఫీసర్ల బిడ్డలు. ఊళ్లో ఇంతమంది ముస్లిములుంటే ఒక్క ముస్లిం పిల్లయినా రాదేమని ఆయన ఎవరినో అడిగితే, మమ్మల్నడిగితే ఏం లాభం, అంజుమన్‌ను అడగండి అన్నారు. అంజుమన్ అంటే ప్రొద్దుటూరు ముస్లిం పెద్దలు తలా ఇంత వేసుకొని నడిపే సంఘం. బీదవాళ్ల పెండ్లిళ్లు, చావులు, పిల్లల ఖురాను చదువు, అన్నీ దాని నెత్తినే. తోళ్ల వ్యాపారం చేసే నూర్ అహ్మద్ సాహెబు దానికి పెద్ద. ప్రిన్సిపాల్ కబురు పంపకుండా తనే చెప్పులు విప్పి మసీదు వసారాలోకి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నూర్ అహ్మద్‌కు అది శానా నచ్చింది.

ఇద్దరూ బేరం ఖాయం చేసుకున్నారు. ఫీజు కాలేజీ వదిలేస్తుంది. పుస్తకాలు, బస్సుచార్జీ అంజుమన్ ఇస్తుంది. ముందుగా ఒక్క పిల్లను పంపి చూద్దాం. ఆ పిల్ల పాసైతే మరికొందరిని పంపుతాం. ఏదైనా మాట వచ్చిందా, అంతటితో సరి.

"ఇంకొక షరతు ఉండాది సార్," అన్నాడు నూర్ అహ్మద్. "పిల్ల యాడ కూచుంటే ఆడ మా మనిషొకతి కూచుంటాది. బస్సులో, క్లాసులో, యాడైనా సరే. పక్క విడిచేది లేదు."

"తప్పకుండా కూర్చోమనండి. బెంచీలు ఎటూ ఖాళీగానే ఉన్నాయి," అన్నాడు ప్రిన్సిపాల్.

అంజుమన్ వాళ్లు జమ్మలమడుగు వచ్చి మైమూన్‌ను చూశారు. తోడు పోయే పెద్దావిడ ఎవరని వెతుక్కుంటే గోడ మీద నుంచి తొంగిచూస్తున్న గులాబ్‌బీ కనబడింది. మొగుడు పోయి పదేళ్లు దాటింది. ఉన్న ఒక్క కూతురినీ పులివెందులలో ఇచ్చింది. గాజుల మలారం భుజాన వేసుకొని ఎటూ వీధులు తిరిగేదే. నెలకింత జొన్నలు ఇస్తామన్నారు. జొన్నల కోసం కాదు గానీ, ఆ ముక్కు చీదడం మళ్లీ వినే ఓపిక లేక గులాబ్‌బీ ఒప్పుకుంది. అట్లని ఊరంతా చెప్పుకుంది. జొన్నలు మాత్రం వద్దనలేదు.

కాలేజీలో మొదటి నెల ఆమెకు నరకం. పాఠం ఇంగ్లీషులో చెప్పి, పల్లెపిల్లలకు అర్థం కావాలని మళ్లీ తెలుగులో చెప్పేవారు. లాజిక్ మేష్టారు ఒకరోజు, "మనుషులందరూ చచ్చేవాళ్లే," అన్నాడు.

"నిజమేనప్పా, ఎవురున్నారు శాశ్వతంగా!" అంది చివరి బెంచీ నుంచి గులాబ్‌బీ.

క్లాసు గొల్లుమంది. మేష్టారి ముఖం కందగడ్డ అయింది. మైమూన్ బురఖాలో తల దూర్చుకొని కుక్కిన పేనులా కూర్చుంది. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి మెల్లగా చెప్పాడు. "గులాబ్‌బీ గారూ, మీరు కూర్చోవచ్చు గానీ మాట్లాడకూడదండీ. మాట్లాడితే మేష్టార్లు నా మీద పడతారు." ఆ గారు, ఆ అండీ ఆమె జన్మలో వినలేదు. మరునాటి నుంచి క్లాసులోకి పోయే ముందు దవడన ఇంత ఆకూవక్కా కుక్కుకోవడం మొదలుపెట్టింది. నోటి నిండా ఆకు ఉంటే మాటకు చోటు ఉండదు గదా.

అట్లా ఏడాది గడిచింది. ఏం గడిచిందిలే, బస్సు గడిపింది. పొద్దున్నే జమ్మలమడుగులో ఎక్కడం, సాయంత్రం ప్రొద్దుటూరులో ఎక్కడం. వానాకాలంలో దారిలో వంక పొంగి బస్సు ఆగిపోతే పుస్తకాల మూట నెత్తిన పెట్టుకొని గులాబ్‌బీ ముందు, మైమూన్ వెనక నీళ్లలో దిగి దాటారు. పిల్ల బస్సులో చదువుకుంటూ కునికితే గులాబ్‌బీ మోచేత్తో ఒక పోటు పొడిచేది. "నాకేమన్నా వస్తాదా చదువు? నువ్వు నిద్రపోతే నేనెందుకు మేలుకోవాల?" అనేది. ఆ పిల్ల నవ్వి మళ్లీ పుస్తకం తెరిచేది. మొదట్లో జొన్నల మీద ఉన్న ధ్యాస ఎప్పుడు పిల్ల మీదికి మళ్లిందో గులాబ్‌బీకే తెలియదు. మైమూన్‌కు జ్వరం వచ్చి పడుకుంటే, తన ఇంట్లో ఒంటరిగా కూర్చొని యా అల్లా, యా అల్లా అని గుండెలు బాదుకుంది. జ్వరం తగ్గాక ఆ పిల్ల మీద మామూలుగా అరిచింది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. అప్పుడు వచ్చింది చిక్కు.

పరీక్ష హాలులో రాసే పిల్లలు, కాపలా మేష్టార్లు తప్ప పరాయి మనిషి ఉండకూడదని యూనివర్సిటీ రూలు. పిల్ల యాడ కూచుంటే ఆడ మా మనిషి కూచోవాలని అంజుమన్ షరతు. ప్రిన్సిపాలూ, నూర్ అహ్మదూ ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ మాట తప్పేవాళ్లు కారు. నూర్ అహ్మద్ అయితే ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చివర కూర్చొని, "నా మీద నమ్మకంతో వలి బాషా పిల్లను పంపినాడు సార్. పెద్దలకు నేనేం జవాబు చెప్పాల? ఇంతమంది మగపిల్లోళ్ల మధ్య ఒంటిగా వదిలేసినామనా?" అన్నాడు. ఇదంతా విని గులాబ్‌బీకి కడుపు మండింది. ఏడాదంతా చదివి, వంకలు దాటి, ఆఖరికి వాకిట్లో ఆగిపోవడమా?

ప్రిన్సిపాల్ రూళ్ల పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివాడు. తరువాత, "హాల్లో పిల్లలకు నీళ్లిచ్చే మనిషి ఉండొచ్చు. రూల్లోనే ఉంది," అన్నాడు.

అందరూ గులాబ్‌బీ వైపు చూశారు.

అటెండరు చిన్నసుబ్బయ్యకు ఇది మింగుడు పడలేదు. "సార్, ఆయమ్మ చేతి నీళ్లు ఎవురు తాగుతారు సార్?" అన్నాడు.

"దాహం వేసినవాళ్లు తాగుతారోయ్," అన్నాడు ప్రిన్సిపాల్.

మొదటిరోజు కడవ నిండుగా ఉండిపోయింది. రెండోరోజు మార్చి ఎండకు రేకుల హాలు పెనంలా కాలింది. ముందు ఒక గొల్లల పిల్లాడు చెయ్యి ఎత్తాడు, ఆ వెనక ఇంకొకడు. మూడోరోజుకు కడవ చాలక గులాబ్‌బీ బావికాడికి పరుగులు తీసింది. చిన్నసుబ్బయ్య కూడా తలుపు చాటున దోసిలి పట్టాడు. ఏం చిన్నసుబ్బయ్యా అని ఎగతాళి చేయబోయి, గులాబ్‌బీ నాలుక కరచుకుంది. హాల్లో ఒక్క మాట మాట్లాడినా పిల్ల పేపరు పోతుందని ప్రిన్సిపాల్ గట్టిగా చెప్పి ఉన్నాడు. ఆకూవక్క కూడా వద్దన్నారు. పాపం, ఆ నాలుగు రోజులు ఆమె పడిన బాధ పగవాళ్లకు కూడా వద్దు.

ఇక మిగిలింది లాజిక్ పేపరు. మైమూన్‌కు అన్నీ వచ్చు, లాజిక్ ఒక్కటి రాదు. కాలేజీ పరీక్షల్లో రెండుసార్లు తప్పింది. "ఇది ఒక్కటి గట్టెక్కితే చాలమ్మాయ్," అని మేష్టారు అనడం గులాబ్‌బీ చెవులారా విన్నది. ఆ మాట ఆమె లోపల ముల్లులా గుచ్చుకుంది. తనకు తెలిసిన మందు ఒక్కటే.

గండికోట దారిలో ఒక ఫకీరు డేరా వేసుకొని ఉన్నాడని, పిల్లలు లేనివాళ్లకు పిల్లలు, పాసు కానివాళ్లకు పాసు ఇస్తున్నాడని ఆ నెలంతా జమ్మలమడుగులో ఒకటే మాట. ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. నడుమ ఒక రోజు సెలవు వస్తే గులాబ్‌బీ చంకలో తన నల్ల కోడిపెట్టను పెట్టుకొని నడుచుకుంటూ పోయింది. అది గుడ్లు పెట్టే పెట్ట. ఆ గుడ్లతోనే ఆమెకు సాయంకాలం కూర. ఫకీరు కోడిని చూసి తల ఊపి, గుడ్డ తెర వెనక్కి పోయాడు. కాసేపు ఏదో గొణిగాడు. నల్లదారానికి కట్టిన చిన్న రేకు గొట్టం తెచ్చి, రెండు వైపులా లక్క పూసి చేతిలో పెట్టాడు. "మహత్తు గల మాటలు రాసి పెట్టినా. విప్పితే పనికి రాదు," అన్నాడు. గులాబ్‌బీ దాన్ని చెవి దగ్గర ఊపి చూసింది. లోపల ఏదో గలగలలాడింది. ఆమె మనసు నిండిపోయింది.

"వద్దు ఖాలా, ఇవన్నీ నాకొద్దు," అంది మైమూన్ పొద్దున బస్సులో.

"నీకొద్దు, నాకు కావాల," అని గులాబ్‌బీ ఆ పిల్ల బురఖా చేతిని పైకి లాగి, జబ్బకు గట్టిగా రెండు ముళ్లు వేసి కట్టింది. పెద్దదాని మనసు నొప్పించలేక మైమూన్ ఊరుకుంది.

ఆ రోజే యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉన్నాడు. మనిషి మర్యాదస్తుడే. హాలు మొత్తం ఒకసారి నిదానంగా నడిచాడు. మైమూన్ ముఖం మీది గుడ్డ తీసేసి, వంచిన తల ఎత్తకుండా రాస్తోంది. చెమటకు అతుక్కున్న బురఖా చేతిని విసుగ్గా మోచేతి పైకి తోసుకుంది. దారం కనబడింది, రేకు గొట్టం కూడా కనబడింది. ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"ఏమిటమ్మా అది?"

మైమూన్ కలం ఆగింది. "తావీజు సార్. తాయెత్తు."

"లోపల ఏముంది?"

ఆ పిల్ల అబద్ధం చెప్పదు. "ఏమో రాసి ఉంటాదంట సార్. నేను చూడలేదు."

హాలంతా తలలు తిరిగాయి. కడవ పక్కన గులాబ్‌బీ చెంబు పట్టుకొని నిలబడిపోయింది.

ఇన్‌స్పెక్టరు ప్రిన్సిపాల్‌ను పిలిపించాడు. ఆయన పరుగున వచ్చాడు. ఇద్దరూ బెంచీకి అడుగు దూరంలో నిలబడి తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు గానీ, ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా వినిపించింది. పోయిన ఏడాది వేరే ఒక చోట తాయెత్తులో నుంచి ఇంత చీటీ బయటికి లాగాను, అందులో పాఠమంతా ఉంది, అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇది దేవుడి పేరండీ, వాళ్ల నమ్మకం, అన్నాడు ప్రిన్సిపాల్.

"కావచ్చు. కాదని నేనెట్లా చెప్పను? నాకు ఆ అరబ్బీ లిపి చదవడం రాదు. రాత ఏ భాషదైనా రాతే కదండీ. లోపల రాసిన కాగితముంటే దాన్ని పేపరుకు జతచేసి యూనివర్సిటీకి పంపాలి. విప్పనంటే పిల్లను లేపేయాలి. నాకు మూడో దారి లేదు."

"పంపితే ఫలితం?"

"ఆపుతారు. విచారణ అయ్యేదాకా."

విచారణ అంటే ఏమిటో గులాబ్‌బీకి తెలియకపోయినా ఆపుతారు అంటే తెలిసింది. ఆపితే జమ్మలమడుగు వీధిలో ఏమంటారో ఇంకా బాగా తెలుసు. కాపీ కొట్టిందంట. తురకోళ్ల పిల్లను చదివించబోతే దొంగతనంగా చీటీ కట్టుకొని పోయిందంట. అంతటితో సరి. మైమూన్ కాజాలకే. ఆ ఖాళీ బెంచీలు ఖాళీగానే ఉంటాయి. చేసిందెవరు? వద్దు వద్దన్న పిల్ల జబ్బకు రెండు ముళ్లు వేసి కట్టిందెవరు? విప్పితే రాత బయటపడుతుంది, విప్పకపోతే పిల్లను లేపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాన్ని తవ్విందీ తనే.

మైమూన్ ఏడవలేదు. గోడ గడియారం వైపు చూసింది, తన కాగితం వైపు చూసింది, చివరికి గులాబ్‌బీ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. లేదు.

గులాబ్‌బీ చెంబు కింద పెట్టింది. మాట్లాడకూడదు. మాట్లాడితే పేపరు పోతుంది. చెయ్యి ఎత్తింది, దాహమేసిన పిల్లల మాదిరిగా. ప్రిన్సిపాల్ చూశాడు.

"చెప్పమ్మా. ఇప్పుడు చెప్పొచ్చు."

ఆమె ఎత్తిన చెయ్యి దించింది. తరువాత, "అయ్యా, ఆ పిల్ల వద్దన్నింది. నేనే బలవంతంగా కట్టినా. జైల్లో ఏస్తే నన్నెయ్యి. ఆ పిల్లను రాయనీ," అంది.

ఇన్‌స్పెక్టరు ముఖం కొంచెం మెత్తబడింది. "జైలు ఏమీ లేదమ్మా. కానీ అది విప్పి చూడాలి. నేను పిల్లను ముట్టుకోను. మీరే విప్పండి."

గులాబ్‌బీ బెంచీ దగ్గరికి పోయి, మగవాళ్లకు వీపు అడ్డం పెట్టి, పిల్ల బురఖా చేతిని పైకి జరిపింది. తను వేసిన ముళ్లే తనకు విప్ప రాలేదు. పంటితో కొరికి తెంపింది. విప్పితే పనికి రాదన్నాడు ఫకీరు. పనికి రాకపోతే పోయింది, పిల్ల నాశనం కాకుంటే చాలు అనుకుంది. లక్కను గోరుతో గిల్లింది. ఊడలేదు. నేల మీద పెట్టి చెంబు అంచుతో అటొక పోటు, ఇటొక పోటు పొడిచింది. రెండు వైపులా లక్క పగిలింది.

గొట్టాన్ని ఇన్‌స్పెక్టరు ముందున్న బల్ల మీద బోర్లించింది.

ఒక జొన్నగింజ రాలింది. బల్ల మీద దొర్లి, ఇన్‌స్పెక్టరు కలం తగిలి ఆగింది.

ఇంకేమీ రాలేదు. ఇన్‌స్పెక్టరు గొట్టాన్ని తీసుకొని వెలుతురుకు పెట్టి చూశాడు. అటు నుంచి ఇటు కిటికీ కనబడింది. కాగితం లేదు. అక్షరం లేదు. అంకె లేదు. గలగలలాడాలని వేసిన ఒక్క జొన్నగింజ తప్ప లోపల ఉత్తదే.

గులాబ్‌బీకి అర్థం కావడానికి కాస్త పట్టింది. అయ్యాక ప్రిన్సిపాల్ చెప్పిందీ, రూలూ, యూనివర్సిటీ అన్నీ మర్చిపోయింది.

"వాని మొగం మాడ! వాని డేరా తగలబడ! నా నల్ల కోడిపెట్టను తిన్యాడు గదయ్యా దొంగసచ్చినోడు! దినామూ గుడ్డు పెట్టే పెట్ట!"

హాలు పగిలిపోయినట్టు నవ్వింది. మేష్టార్లు కూడా గోడ వైపు తిరిగి నవ్వారు. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరువాత బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టి, "సైలెన్స్! రాయండి!" అన్నాడు. జొన్నగింజను, గొట్టాన్ని గులాబ్‌బీ చేతిలో పెట్టి, "కడవ దగ్గరికి వెళ్లమ్మా," అన్నాడు. మైమూన్ వైపు తిరిగి, "పోయిన టైము తిరిగి ఇచ్చే అధికారం నాకు లేదు. త్వరగా రాయి," అన్నాడు.

ఆ పిల్ల అప్పటికే తల వంచి రాస్తోంది. గంట కొట్టేసరికి ఆఖరి ప్రశ్న మిగిలిపోయింది.

ఆ సాయంత్రం మసీదు వసారాలో పెద్దలు చేరారు. పులివెందుల నుంచి అక్కడి ముస్లిం పెద్ద కమాల్ బాషా కూడా వచ్చి ఉన్నాడు. తమ ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు ఎస్సెల్సీ రాశారు, ప్రొద్దుటూరులో ఈ ఏర్పాటు ఎట్లా ఉందో చూసి పంపాలని వచ్చాడు. సంగతి వాళ్ల చెవిన పడకముందే గులాబ్‌బీ తనే పూస గుచ్చినట్టు చెప్పేసింది. కోడిపెట్ట సంగతి కూడా.

కమాల్ బాషా మొహం ముడుచుకున్నాడు. "పరాయి మొగోడు మన పిల్ల బురఖా చెయ్యి ఎత్తమన్నాడంటే..."

"నీ నోరు పడిపోను! ఆయప్ప అడుగు దూరంలో నిలబన్యాడు. చెయ్యి ముట్టలా, చూపు ముట్టలా. నేను ఆడుండా. నా చేత్తో నేను విప్పినా," అని లేచింది గులాబ్‌బీ. నాలుగు రోజుల బాకీ అంతా తీర్చుకున్నట్టుంది ఆ గొంతు.

నూర్ అహ్మద్ మెల్లగా అన్నాడు. "అందుకే గదా కమాల్ భాయ్, ఆపాను ఆడ కూచోబెట్టింది. ఆమె లేకుంటే ఆ గొట్టం ఎవురు విప్పుండేవాళ్లు? మనం అడిగింది కాలేజీ చేసింది. వాళ్లు అడిగింది మనం చేయాల. ఫలితం వచ్చినాక మాట్లాడదాం."

ఫలితం వచ్చేదాకా గులాబ్‌బీకి కూడు సయించలేదు. ఆఖరి ప్రశ్న, ఆఖరి ప్రశ్న అని నిద్రలో కూడా గొణిగేది. గాజులు తొడిగేటప్పుడు చేతులు నలిపేస్తోందని ఆడవాళ్లు కసురుకున్నారు. ఫకీరు డేరా ఎత్తేసి ఎటో పోయాడని తెలిసింది. వాణ్ని తిట్టాలో దీవించాలో ఆమెకు తేలలేదు. వాడు నిజాయితీగా రాసి ఉంటే పిల్ల మునిగేది. మోసం చేశాడు కాబట్టి బతికింది. అట్లని కోడిపెట్ట పోలేదా?

ఒక మధ్యాహ్నం వలి బాషా పేపరు పట్టుకొని గోడ దగ్గరికి వచ్చాడు. వేలితో ఒక నంబరు చూపించాడు. గులాబ్‌బీకి చదవడం రాదని ఆ సంతోషంలో మరిచిపోయాడు. అది చదవనక్కరలేదు కూడా. వెనకాల మైమూన్ మళ్లీ ముక్కు చీదుతోంది. గులాబ్‌బీ గోడ ఎక్కి అవతలికి దూకింది, ఆ వయసులో. పిల్లను కావలించుకొని బోరుమని ఏడ్చింది. లాజిక్‌లో అంచున తేలింది. ఎట్లా తేలితేనేం? పాసు.

తరువాతి వారం పులివెందుల పోయింది కూతురిని చూడ్డానికి. కూతురు దిల్షాద్‌బీ ఇంటి వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె కోసమే కాచుకొని కూర్చున్నారు. కమాల్ బాషా చెప్పిన ఇద్దరిలో ఒకతె దిల్షాద్‌బీ కూతురు లాల్‌బీయే.

కథ మనకంటే ముందు బస్సెక్కుతుందంటారు. ప్రొద్దుటూరులో జరిగింది పులివెందుల చేరేసరికి ఇంకోలా తయారైంది. దొర తావీజు విప్పితే లోపలి అక్షరాలు కళ్ల ముందే మాయమైనాయంట. కాగితమే జొన్నగింజ అయిపోయిందంట. అంత మహత్తు గల తావీజంట.

"అమ్మా, అట్లాంటిదే నా బిడ్డకూ ఒకటి తెప్పీయవా? నా దగ్గర రెండు పెట్టలుండాయి," అంది దిల్షాద్‌బీ. మిగతా ఆడవాళ్లు అవునవునన్నారు.

గులాబ్‌బీ కొంగుముడి విప్పింది. సొట్టపోయిన గొట్టాన్ని, జొన్నగింజను అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇదేనే మీ మహత్తు. కళ్లు పెట్టి చూడండి. మాయా లేదు, మంత్రమూ లేదు. ఉత్త డబ్బా. వాడు నన్ను మోసం చేసినాడు, అంతే."

"మరి ఆ పిల్ల ఎట్లా పాసయింది?"

"చదివింది. ఫీజు కాలేజీ ఇడిసిపెట్టింది, పుస్తకాలు అంజుమన్ ఇచ్చింది, నేను పక్కన కూచున్యా. ఇంగేముండాది?"

దిల్షాద్‌బీకి నమ్మకం కుదరలేదు. గుమ్మంలో నిలబడిన కూతురు వైపు చూసింది, మళ్లీ తల్లి చేతిలో గొట్టం వైపు చూసింది. ప్రొద్దుటూరు దూరం. రోజూ పోయివచ్చే దారి కాదు. అంజుమన్ వాళ్లు ఈ పిల్లల కోసం మసీదు వెనక ఒక ఇల్లు చూసిపెట్టారు. అక్కడ ఎవరుంటారు, ఏం తింటారు, ఎవరి కళ్లు పడతాయి?

"ఏమీ కట్టకుండా ఉత్త చేతుల్తో ఎట్లా పంపాలమ్మా నా బిడ్డను? ఏం కట్టి పంపాల?"

"నన్ను కట్టి పంపు," అంది గులాబ్‌బీ.

లాల్‌బీ అప్పటికే లోపలికి పోయి పెట్టెలో బట్టలు సర్దుకుంటూ ఉంది.